ఉల్లి ఎగుమతి ఆపిన రోజు

మా సెక్షన్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ఎగుమతి ఆపే ఉత్తర్వు తయారయ్యే రోజు పొద్దున్నే అందరి ఫోన్లూ ఒక ప్లాస్టిక్ బుట్టలో వేసేయాలి. ఉత్తర్వు బయటికి వెళ్ళేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. కబురు ముందే పొక్కితే వ్యాపారులు సరుకంతా ఓడలెక్కించేస్తారని భయం. బుట్ట పెద్దసారు బల్ల మీద, ఆయన కళ్ళజోడు పక్కనే ఉంటుంది. కొత్త చెప్పులకు కూడా ఎవరూ అంత కాపలా కాయరు.

ఆ రోజు ఉల్లి వంతు. పల్లపు జిల్లాల్లో సరిగ్గా పంట తవ్వే ముందు వానలు పడి, గడ్డలు మడుల్లోనే కుళ్ళిపోయాయి. ఈ మధ్య వానకు కాలం లేదు, సిగ్గు అసలే లేదు. నగరంలో ధర చుక్కలనంటింది. ఉన్న ఉల్లి దేశం దాటకుండా రేవు గేట్లు మూయాలన్నారు. ముసాయిదా రాసింది నేనే. 'వినియోగదారుల ప్రయోజనార్థం' అని కూడా రాశాను. అబద్ధమేమీ కాదు. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ ఉల్లిపాయ కొనడం ఎప్పుడో మానేసింది.

మెట్ట ప్రాంతంలో మాత్రం ఈసారి పంట బతికింది. అక్కడ మా అక్క ఉంది. ఒక ఏడు ఎండకు, మరో ఏడు వడగళ్ళకు చేనంతా పోగొట్టుకుని, ఈసారి పాకనిండా ఉల్లి ఆరబెట్టుకుంది. బావ పోయాక ఒంటిచేత్తో చేసిన సేద్యం. గేట్లు పడితే ధర కూలి, ఓడలకే పోయే మెట్ట ఉల్లిని అడిగే నాథుడుండడు. పాకలోనే మొలకలొస్తాయి.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకు పెళ్ళామూ లేదు, పిల్లలూ లేరు. ఒక గది ఉంది, దానికో తాళం ఉంది. నాకు ఫోన్ చేసేది కూడా అక్క ఒక్కతే.

బుట్టలో ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది.

"ఎవరిదయ్యా ఆ గోల?" అన్నారు పెద్దసారు.

"నాదే సార్. మా అక్క."

"ఒంట్లో బాగోలేదేమో. స్పీకర్ పెట్టి మాట్లాడు. ఉల్లి ఊసెత్తావో, జాగ్రత్త!"

సెక్షనంతా చెవులు రిక్కించింది.

"ఒరే, తిన్నావా?" అంది అక్క.

"తిన్నానక్కా." తినలేదు.

"బేరగాడు వాకిట్లో కూచున్నాడురా. ఇవాళే తూకం వేసుకుపోతానంటాడు. రేటు పర్లేదు. కానీ ఆగితే ఓడ వ్యాపారి ఇంకాస్త ఎక్కువ ఇస్తాడట. ఇచ్చెయ్యనా, ఆగనా?"

ఒక్క మాట. 'ఇచ్చెయ్యి' అంటే చాలు. పెద్దసారు కళ్ళజోడు తీసి నావైపే చూస్తున్నారు. నా ఉద్యోగం, నా గది అద్దె, నా పిరికి గుండె, అన్నీ ఆ మాటకు అడ్డం పడ్డాయి.

"నీ ఇష్టం అక్కా."

"నా ఇష్టమైతే నిన్నెందుకు అడుగుతాను రా, మొద్దూ!" అని నవ్వింది. "సరేలే, పనిలో ఉన్నట్టున్నావు."

ఫోన్ మళ్ళీ బుట్టలో పడింది. పక్క సీటువాడు "శభాష్" అని నా భుజం తట్టాడు. వాణ్ణి మేం టముకు అంటాం, నోట్లో నువ్వుగింజ నానదు. కాసేపటికి కడుపునొప్పని కిందికి వెళ్ళాడు. వాడి ఫోన్ బుట్టలోనే ఉంది కదా అని ఎవరూ ఆపలేదు. టీకొట్టువాడికి మాత్రం ఫోన్ ఉండదా? ఆ ముక్క నాకెందుకు తట్టలేదో! నేను నీతిమంతుణ్ణి కదా, కక్కలేక మింగలేక ముసాయిదాలో కామాలు సరిచేస్తూ కూర్చున్నాను.

సాయంత్రం ఉత్తర్వు వెళ్ళింది. ఫోన్ లాక్కుని మెట్ల దగ్గరికి పరిగెత్తాను.

"అక్కా, ఇచ్చేశావా?"

"లేదురా. ఇప్పుడే టీవీలో చెప్పారు."

"నాకు పొద్దున్నే తెలుసక్కా. చెప్పలేకపోయాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

"మధ్యాహ్నానికే ఊరంతా గుప్పుమందిరా," అంది. "రేవు మూసేస్తారని ఎవరో ఫోన్ చేశారట. మా వీధిలో అందరూ ఎగబడి అమ్మేసుకున్నారు. నువ్వూ ఇచ్చెయ్యవే అని పక్కింటావిడ మొత్తుకుంది."

"మరి నువ్వెందుకివ్వలేదక్కా?"

"అదే నిజమైతే మా తమ్ముడు నాకు చెప్పడా అని ఆవిడతో పోట్లాడానురా."