మైనంలో ముంచని గిటార్

ఆ గిటార్‌కు నంబరు లేదు. కంపెనీ అమ్మే ప్రతి గిటార్ మెడ వెనుక ఒక నంబరు చెక్కి ఉంటుంది. మా తమ్ముడు డేల్ చేతిలోనిది మాత్రం అమ్మకానికి ముందు నమూనాగా చేసిన ఒకే ఒక్కటి. తీగల నాదాన్ని పట్టే రాగిచుట్టను కరిగిన మైనంలో ముంచితే అది కదలదు, కీచుమనదు. నమూనా చేసిననాటి తొందరలో ఆ పని మరిచారు. అందువల్ల దాని చెక్కను తాకినా అది పలికేది, దగ్గరగా అరిస్తే మనిషి గొంతును కూడా పట్టేది. ఆ కీచును లొంగదీసుకొని డేల్ వాయించిన పాట ఆ ఏడాది వేసవంతా కాలిఫోర్నియాలో ప్రతి కారు రేడియోలోనూ మోగింది.

కంపెనీ తరువాత చేసినవన్నీ మైనంలో ముంచినవే. అయినా నమూనాకు అమ్మకపు గిటార్ల ఎర్రరంగే పూసి, అమ్మేదీ ఇలాంటిదేనన్నట్టు శనివారాలు డేల్‌ను దుకాణాల వెంట తిప్పి వాయింపించేవారు. గిటార్ కంపెనీది. గుట్టు బయటపెడితే వెనక్కి తీసుకుంటారు. ఒప్పందం తీరేవరకు వేదికమీద మరో కంపెనీ గిటార్ ముట్టకూడదు. డేల్ చదవకుండానే సంతకం చేశాడు.

ఆ శనివారం శాన్ బెర్నార్డినో ఊళ్ళోని దుకాణానికి వ్యాను నేనే నడిపాను; సాయంత్రం డేల్‌కు కచేరీ కూడా ఉంది.

"చెబితే ఇది పోతుందక్కా. ఇది పోతే నన్ను ఎవరు వింటారు?"

"ఇప్పుడు మాత్రం ఏం వినిపిస్తున్నావురా? అబద్ధం."

మాకు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్లు మౌనంగా ఉండి మోసానికి తోడ్పడడాన్ని కూడా అబద్ధంగానే లెక్కించేవారు. నేను ఆ లెక్కను సడలించలేదు.

దుకాణం కిక్కిరిసి ఉంది. పాట ముగియగానే ఆర్డిత్ అనే పిల్ల తన ఎర్ర గిటార్‌తో ముందుకు వచ్చింది. పగలు డోనట్ల కొట్లో పిండి పిసికే పని ఆమెది; చేతులకు పిండి ఇంకా అంటుకునే ఉంది.

"అన్నా, చలికాలం నుంచి తంటాలు పడుతున్నా. నీ కీచు ఒక్కసారీ రాలేదు. మావాళ్ళు బ్యాండులోంచి పొమ్మంటున్నారు. లోపం నా వేళ్ళలోనేనా?"

కంపెనీ తరఫున వచ్చిన ప్రెంటిస్ మైకులో నవ్వాడు. "పిండి పిసికే చేతికి ఇంత తొందరెందుకమ్మా? సాధన చెయ్యి. ఏం డేల్, అంతేగా?"

డేల్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"నీదిలా ఇవ్వు చెల్లీ," అన్నాడు. ఆమె గిటార్‌ను యాంప్లిఫయర్‌కు తగిలించి, తీగలమీదికి వంగి గట్టిగా అరిచాడు. యాంప్లిఫయర్ పెట్టెలోంచి ఏమీ రాలేదు. తరువాత తనది తగిలించి మళ్ళీ వంగాడు.

"ఇది మీకు అమ్మేది కాదు!"

ఆ మాట నూతిలోంచి వచ్చినట్టు పెట్టెలోంచి మోగింది.

"నీ వేళ్ళు బాగానే ఉన్నాయి!"

ప్రెంటిస్ యాంప్లిఫయర్ తీగ పీకేశాడు. "మతి పోయిందా నీకు? చేతులారా చెడగొట్టుకున్నావు కదయ్యా!" నమూనాను గిటార్ పెట్టెలో పెట్టి తాళం వేసుకొని వెళ్ళిపోయాడు. డేల్ చేతులు ఇంకా గిటార్ పట్టుకున్నట్టే గాలిలో ఉండిపోయాయి.

"మరి సాయంత్రం కచేరీకి దేంతో వాయిస్తావన్నా?" అని అడిగింది ఆర్డిత్.

"ఆ కంపెనీదే కావాలి. లేకపోతే దావా వేస్తారు."

"అయితే నాది పట్టుకుపో. రేపు తెచ్చియ్యి. గీతలు పడ్డాయో, నీ ఇంటికొచ్చి కూర్చుంటా."

తిరుగు దారిలో డేల్ దాని మెడ వెనుక ఉన్న నంబరును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు.

"ఇదీ అరువుదే అక్కా."

"అవును. కానీ ఇచ్చిన మనిషి నిన్ను నోరు మూసుకోమనలేదు."

"ఒప్పందం ఇంకా నాలుగేళ్ళుంది."

నేను వ్యానును కచేరీ జరిగే చోటి వైపు తిప్పాను.

ఆ సాయంత్రం జనం కీచు కోసం కేకలు వేశారు. అది రాలేదు. కొందరు లేచి వెళ్ళిపోయారు. డేల్ తలవంచుకొని ఆ పాటను చివరిదాకా వాయించాడు.