చివరి దీపం చేతిలో మొదటి దీపం

మా కుట్టుగదిలో వెలుతురు ఎంత పలచనో చెబితే నన్ను కోతలరాయుడంటారు. అయినా చెబుతాను. ఒకసారి నల్లకోటు అనుకుని పిల్లి మీద ఇస్త్రీపెట్టె పెట్టబోయాను. అది కళ్లు తెరిచింది కాబట్టి బతికిపోయింది. ఆ కళ్ల వెలుతురులోనే నేను మరో రెండు చొక్కాలు ముగించుకున్నాను.

గది యజమానిని ఎదురుగా అయ్యగారనేవాళ్లం, చాటుగా దీపం దొర అనేవాళ్లం. ఖర్చు కలిసొస్తుందని పాతసామాన్ల కొట్టు నుంచి బుల్లి బల్బులు తెచ్చి, అన్నిటినీ ఒకే తీగకు దండలా గుచ్చించాడు. గోడమీది కరెంటు పెట్టె దగ్గర బయల్దేరిన తీగ మొదట ఆయన బల్లమీది దీపానికి వెళ్లేది. అక్కడి నుంచి ఒక్కో కుట్టుమిషను దీపాన్నీ, నా ఇస్త్రీబల్ల దీపాన్నీ దాటి, కొసన కూర్చుని కుట్టే మా చిన్నకోడలి దీపంలో దూరి, మళ్లీ పెట్టెకే చేరేది.

"కరెంటు ముందు నన్ను పలకరిస్తుంది. నేను తాగి వదిలిందే మీకు," అనేవాడు దొర. ఆయన దీపం కాస్త ఎక్కువ వెలిగినట్టే కనబడేది మరి. రోజూ తుడిపించి, వెనక మెరిసే పళ్లెం ఒకటి నిలబెట్టాడు.

పైగా ఒక శాసనం: "నా దీపం ఆరితేనే మీకు సెలవు." ఆయనకు ఇంటికెళ్లే తొందర ఏనాడూ ఉండేది కాదు. ఇంట్లో ఆయన మాట వినేవాళ్లు లేరని నా అనుమానం.

చిన్నకోడలికి మాత్రం తొందరే. పెళ్లితో ఆగిన చదువును సాయంకాలం బడిలో మళ్లీ పట్టుకుంది. దొర దీపం ఆరేదాకా కూర్చుని పాఠాలు పోగొట్టుకుంటూంటే, పంతులమ్మ తెగేసి చెప్పింది: "ఇంకొక్కసారి రాకపోతే పరీక్షకు నీ పేరు పంపను."

ఆ మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ కోడలు నా బల్లమీద ఒక బ్యాటరీ సెల్లు, రెండు టార్చిబల్బులు, తీగముక్కలు పరిచింది. బల్బుల్ని ఒకదాని వెనక ఒకటి కలిపింది. రెండూ మినుకుమన్నాయి.

"మొదటిది తాగేశాక రెండోదానికి ఏం మిగిలిందే?" అన్నాను, దొర పలుకే చిలకలా పలికి.

"తాగడానికి అదేమన్నా కుండలో నీళ్లా మామయ్యా? సైకిలు గొలుసు చూశారుగా. ముందు లంకె, వెనక లంకె అన్నీ కలిసే కదుల్తాయి. కరెంటూ అంతే. సెల్లు ఈ కొస నుంచి ఆ కొసకి దారి పూర్తిగా ఉంటేనే నడుస్తుంది. దాన్నే సర్క్యూట్ అంటారు."

"మరి ఒక లంకె ఊడితే?"

రెండో బల్బును వదులు చేసింది. మొదటిది కూడా టక్కున ఆరింది. ఇద్దరం ఒకేసారి దొర బల్లకేసి చూశాం.

"ఒసేయ్, గోడ కరెంటుతో పరాచికాలొద్దు," అన్నాను.

"పంతులమ్మా అదే చెప్పింది. తీగ ముట్టుకోను. స్విచ్చుందిగా!"

ప్రతి దీపానికీ స్విచ్చుంది నిజమే. వాటిని ఎవరూ తాకకుండా దొర పట్టీ అంటించి ఉంచాడు.

పొద్దు వాలింది. కోడలు లేచి వెళ్లి, "అయ్యగారూ, బడి వేళయింది. ఇవాళ వెళ్లకపోతే నా పరీక్ష పోతుంది," అంది.

"నా దీపం ఆరిందా?" అన్నాడు తలెత్తకుండా.

ఆమె తన మిషను దగ్గరికి వచ్చింది. పట్టీ పీకింది. టక్.

గది మొత్తం చీకటి.

"కరెంటు పోయింది!" అని దొర అరిచాడు.

"పోలేదండీ. నా దగ్గర ఆపాను."

"నీది కొసాఖరి దీపం! అదారితే నాదెందుకారుతుంది?"

"దారి ఒక్కటే కాబట్టి. ఎక్కడ తెగినా అందరికీ తెగినట్టే. మీ దీపం ఆరింది, సెలవేగా?"

"ముందు స్విచ్చి వెయ్యి! లేకపోతే రేపట్నుంచి నీకు పని లేదు!"

"మానిపించండి. వెళ్తూ వెళ్తూ నా దీపం ఆర్పేసే వెళ్తాను."

అని స్విచ్చి వేసింది. వెలుతురు వచ్చింది. దొర ఊపిరి పీల్చుకునేలోగా మళ్లీ టక్.

"ఈసారి నేను కాదండీ," అంది కోడలు.

"నేను," అంది కాజాలు కుట్టే అక్క.

"అబ్బే, నేను," అంది బొత్తాలు కుట్టే అమ్మాయి.

దొర తడుముకుంటూ వచ్చి కుర్చీకి మోకాలు కొట్టుకున్నాడు. "మీ అంతు చూస్తా!" అన్నాడు. చీకట్లో ఆయన చూపిన వేలు నా ముక్కుకు తగిలింది. ఇక ఊరుకుంటే మగతనమేముంది, నా పట్టీ కూడా పీకేశాను. టక్. అప్పటికే ఆరిన దీపాన్ని మళ్లీ ఆర్పాననుకోండి, మనసు మాత్రం చల్లబడింది.

కిటికీలో మిగిలిన సంజవెలుగులో అందరూ సంచులు సర్దుకుని బయటపడ్డారు. కోడలు అందరికంటే ముందు.

మర్నాడు దొర మా దండ నుంచి వేరుపడ్డాడు. తన బల్బొక్కదానికే పెట్టె నుంచి సొంతదారి వేయించుకుని, "ఇప్పుడాపండి చూద్దాం!" అంటూ మీట నొక్కాడు. ఇన్నాళ్లూ అన్ని బల్బులూ పంచుకున్న కరెంటు తోపుడును ఆ బుల్లి బల్బు ఒక్కటే మోయాల్సి వచ్చింది. భళ్లున పేలింది. నేనైతే ఆ చప్పుడుకు ఊళ్లో గడియారాలన్నీ ఆగాయంటాను. కరెంటు మేస్త్రీ వచ్చి ఆయనకు పెద్ద బల్బు పెడుతూంటే మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"మాకూ పెద్ద బల్బులు పెట్టించి, ఎవరి దారి వాళ్లకి వేయించండి," అంది కోడలు. "అప్పుడు నేను ఆర్పుకుంటే నాదే ఆరుతుంది. లేదా, మళ్లీ ఆ దండే ఉంచండి. నాకు అభ్యంతరం లేదు."

దొర చివరి స్విచ్చు వంక చూశాడు. వేయించాడు.

ఇప్పుడు పొద్దు వాలగానే ఆమె దీపం ఒక్కటీ ఆరుతుంది. మొదటిరోజు దొర ఉండబట్టలేక, "నా దీపం ఇంకా వెలుగుతోంది," అన్నాడు.

"వెలగనివ్వండి," అంటూ కోడలు పుస్తకాల సంచి భుజాన వేసుకుని గడప దాటింది.