గంగబాబు గారి ఆయ్

గంగబాబుకి మాటలు తక్కువ. కొబ్బరికాయల బేరం కుదిరినా "ఆయ్", చెడినా "ఆయ్". అవునని చెప్పడానికీ అదే, వింటున్నానని చెప్పడానికీ అదే. ఏది ఎప్పుడో ఊళ్ళో అందరికీ తెలుసు. ఫోనుకే తెలియదు.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర మాటలన్నీ అమలాపురంలో జరిగిన కబడ్డీ ఫైనల్ మీదే. గంగబాబు పక్కింటి అప్పలరాజు కూతురు సత్యశ్రీ ఆఖరి కూతకెళ్ళి ఒకమ్మాయిని తాకింది. గెలిచామని అందరూ లేచేలోపు, అంపైరు ఈల వెయ్యకుండానే, చెయ్యెత్తి తనంతట తానే బయటికి నడిచింది. కాలు గీత దాటిందంది. ఊరి జట్టు ఓడిపోయింది.

"క్రికెట్లో బంతి వికెట్లకి తగిలేదీ లేనిదీ కంప్యూటరే చెప్పేస్తోందండీ. కబడ్డీకేం తక్కువని, మన వీడియోని నేనే ఏఐలో పెట్టి క్లియర్ చేసేను. చూడండి, మడమ గీత లోపలే ఉంది!" అన్నాడు దత్తసాయి. ఫోన్లో వార్తల చానెల్ నడుపుతాడతను.

"కంప్యూటరుకి అబద్ధమాడే పనేంటండీ?" అంది టీ కాచే సూర్యకాంతం.

దత్తసాయి ఫోను గంగబాబు మీదికి తిప్పాడు. "ఆ రోజు గీత పక్కనే కూర్చున్నది మీరే కదండీ?"

"ఆయ్."

"అయితే ఆ పిల్ల కావాలనే బయటికెళ్ళిపోయిందంటారా?"

"ఆయ్."

రెండోది వింటున్నానని అన్నదే. ఆ తర్వాత చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. మడమ గీత దాటడం అతను కళ్ళారా చూశాడు. అవతలి తడిమట్టిలో చిన్న గుంట కూడా పడింది. వీడియో తీసినవాళ్ళు ఎదుటివైపున్నారు, వాళ్ళకి కనబడదు. కానీ చుట్టూ అన్ని మొహాలూ తన నోటికేసే చూస్తున్నాయి. గంగబాబు టీగ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

తెల్లారేసరికి వీడియో ఊరంతా తిరిగింది. పైన పెద్దక్షరాలు: "ఏఐ చెప్పింది! గంగబాబు గారు ఆయ్ అన్నారు!"

"మనూరికి రెండు ఏఐలండోయ్, ఒకటి ఫోన్లో, ఒకటి గంగబాబు గారి నోట్లో!" అన్నారెవరో. అందరితోపాటు అతనూ నవ్వాడు. ఆ నవ్వు తర్వాత అతన్ని నిద్రపోనివ్వలేదు.

సత్యశ్రీ ప్రాక్టీసుకి వెళ్ళడం మానేసింది. "అవతలి జట్టులో నీకు చుట్టాలున్నారటగా?" అని ఎవరో అడిగారట. ఆడే బూట్లు కడిగి, ప్రహరీ మీద బోర్లించింది. అవి ఎండిపోయాయి, ఎవరూ తియ్యలేదు. వాటికి ఎదురుపడలేక గంగబాబు చేలోకి చుట్టూ తిరిగి కాలవగట్టు మీంచి వెళ్ళసాగాడు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్లే అరటిపళ్ళ అత్తం పట్టుకుని గంగబాబు ఇంటికి వచ్చింది. గెల పండినప్పుడల్లా అప్పలరాజు పంపేదే.

"నాన్నగారు ఇమ్మన్నారండి, మావయ్యగారూ." అరుగు మీద పెట్టి, మొహం చూడకుండానే వెనక్కి తిరిగింది.

తిట్టినా బాగుండేది.

"అమ్మా, నీ మడమ దాటింది. నేను చూసేను. మట్టిలో గుంట పడింది."

ఆగింది. "చూసేరా?"

"ఆయ్."

"మరి అతనడిగినప్పుడు?"

వింటున్నాననే ఆయ్ అన్నానమ్మా, అందామనుకున్నాడు. అది నిజమే. కానీ నిజంలో సగమే.

"నలుగురూ ఒక మాట మీదున్నారు కదాని... నోరు రాలేదమ్మా."

"నేనూ నలుగురి ముందే చెయ్యెత్తేనండి," అంది సత్యశ్రీ. గొంతు పెంచలేదు. అరుగు దిగి వెళ్ళిపోయింది.

పళ్ళు లోపల పెట్టకుండానే గంగబాబు టీకొట్టుకి నడిచాడు. దత్తసాయికి ఎదురుగా నిలబడి, "ఫోను తియ్యి" అన్నాడు. ఆ పిల్ల కాలు గీత దాటిందనీ, నిజం ఆడిందనీ, ఏఐ చూపించింది తప్పనీ, తాను చూసి కూడా పిరికితనంతో ఊరుకున్నాననీ చెప్పాడు. ఒక్కసారిగా అన్ని మాటలు ఆ నోట రావడం ఎవరూ ఎరగరు. సూర్యకాంతం టీ వడకట్టడం మర్చిపోయింది.

దత్తసాయి ఫోనుకేసి చూసి నాలిక్కరుచుకున్నాడు. "అయ్యయ్యో, రికార్డు నొక్కలేదండీ. మళ్ళీ మొదట్నుంచీ చెప్తారా?"

నోటి చివరికి ఆయ్ వచ్చింది. గంగబాబు దాన్ని మింగేశాడు.

"చెప్తాను. ముందు నొక్కు."