బూట్లు పెట్టు, పొట్లం పట్టుకెళ్లు

ఇన్‌స్పెక్టరుకి తల ప్రాణం తోకకొచ్చింది. మత్తు పొట్లాలవాడు దొరికాడు, పొట్లాలూ దొరికాయి. అమ్మాడని రుజువు మాత్రం లేదు, ఆ మహానుభావుడు డబ్బు ముట్టుకుంటేగా! పట్టుకునే ముందు గుర్తు పెట్టిన నోట్లిచ్చి పంపిన కానిస్టేబుల్ ఉత్త కాళ్లతో తిరిగొచ్చాడు.

“నోట్లొద్దన్నాడు సార్. బూట్లు బాగున్నాయన్నాడు.”

“ఇచ్చేశావా?”

“పొట్లం తెమ్మన్నారుగా సార్!”

పోలీసు బూట్ల కథ కోర్టు నమ్మదనీ, బయటి మనిషి ఒక్కడైనా చెప్పాలనీ సర్కారు వకీలు తేల్చేశాడు. స్టేషన్ వెనక గది నిండా వాడింట్లో పట్టుకున్న కుక్కర్లు, కుట్టుమిషన్లు, పిల్లల సైకిళ్లు. వాటి సొంతదారులందరిదీ ఒకటే పాట: “దాచమని ఇచ్చాను సార్.” వింటుంటే ఒళ్లు మండిపోయేది.

ఆ మధ్యాహ్నం వడ్రంగి భార్య వచ్చింది, మొగుడి పనిముట్ల సంచి కోసం.

“ఆయన మానేశాడు సార్. రేపు బడిలో బెంచీల పని ఉంది. సంచి లేకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది. పని లేకపోతే మళ్లీ పొట్లాల గుమ్మమే తొక్కుతాడు.”

“మీ ఆయన్ని జరిగింది చెప్పమనమ్మా. సంచి ఇచ్చేస్తాను.”

“వాడూ ఇలాగే అన్నాడట. సంచి పెట్టు, పొట్లం పట్టుకెళ్లు అని.”

ఇన్‌స్పెక్టరుకి ముందు కోపం, వెంటనే సిగ్గు వచ్చాయి. విసురుగా లేచి సంచి తెప్పించాడు. “పూచీ రాసి తీసుకెళ్లండి. సాక్ష్యం నా ఖర్మ!”

బయట మెట్ల మీద తల వంచుకు కూర్చున్న వడ్రంగిని లోపలికి పిలిచారు. అతను సంచి విప్పి ఉలి, సుత్తి, బాడిస తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ చెయ్యి పెట్టి అడుగంతా తడిమాడు.

“నాన్న రంపం లేదు.”

“ఇంకెవరికో ఇచ్చేసి ఉంటాడు” అన్నాడు కానిస్టేబుల్, చెప్పుల్లో కాళ్లు ఈడుస్తూ.

“నేనూ దాచమనే ఇచ్చాననుకున్నాను సార్, ఇన్నాళ్లూ.” వడ్రంగి ఖాళీ సంచి బల్ల మీద పెట్టేశాడు. “కాదు. అమ్ముకున్నాను. రాసుకోండి.”

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. కావలసిన సాక్షి కాళ్ల దగ్గరికే వచ్చాడు. సంతోషం మాత్రం రాలేదు.

“రాసుకోండి సార్, రాసుకోండి” అంది వడ్రంగి భార్య, విసుగ్గా కళ్లు తుడుచుకుంటూ. “మరి రేపు పొద్దున రంపం ఎవరిస్తారు?”