ట్యాంకు మీద తారీఖు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎలీశమ్మ చేత తిట్లు తినని మనిషి లేడంటే కాస్త ఎక్కువ చెప్పినట్టే గానీ, అబద్ధమాడినట్టు కాదు. మెట్రో పిల్లరు కింద పానీపూరీ బండివాడు ముక్కు తుడుచుకున్న చేతినే పుల్లనీళ్ళ కుండలో ముంచితే, అక్కడే ఆగి "నీ పిల్లలకు గూడ గిట్లనే పెడ్తవా?" అని అడిగేది. డివైడరు దూకబోయే కాలేజీ పిల్లల్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగేది. గుట్కా నమిలి మెట్ల మూల ఉమ్మే పెద్దమనుషులకైతే ఇక చెప్పనక్కర్లేదు, వాళ్ళ ఏడుతరాల వాళ్ళకీ ఎక్కిళ్ళు వచ్చేవి.

ఇంతా చేసి ఆవిడ మునిసిపాలిటీ ఉద్యోగి కాదు. బస్సు డిపో వెనక సందులో, పోటీపరీక్షలకు చదువుకునే ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. బడంగ్‌పేట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, చీకటితోనే లేచి బస్సెక్కి వచ్చి, నలభై మందికి వండేది. వంటగదిలో అడుగుపెడితే మోచేతుల దాకా సబ్బు రుద్దనిదే గరిటె ముట్టదు. పిల్లలు కంచం పట్టుకుని వస్తే ముందు అరచేతులు చూపించమనేది. "ఇన్‌స్పెక్టరమ్మ" అని వాళ్ళు పెట్టిన పేరు విని పైకి కసురుకునేది గానీ లోపల మురిసిపోయేది.

అందర్నీ అనుమానించే ఈ మనిషి ఒక్కరిని మాత్రం అనుమానించలేదు. హాస్టల్ యజమానురాలు లలితకుమారిని. తెనాలి నుంచి వచ్చి నాగోల్‌లో స్థిరపడిన మనిషి. పదకొండేళ్ళ కిందట మొగుడు పోయి, ఊళ్ళో నిలువనీడ లేక వచ్చిన ఎలీశమ్మకు పని ఇచ్చింది. మోకాళ్ళు పట్టేస్తే తన కార్లో ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్ళింది. ఆ రోజు నుంచి మేడం కాస్తా అక్క అయింది. అక్క మాటంటే ఎలీశమ్మకు ఆదివారం చర్చిలో వినే వాక్యంతో సమానం.

దసరా సెలవుల తర్వాత హాస్టల్లో మంచినీళ్ళ ఫిల్టరు పాడైంది. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అంటూ బాగుచేసేవాడి పేరు చెప్పి నెలలు గడిచాయి. పిల్లలు ట్యాంకు నీళ్ళే డ్రమ్ములో పట్టుకుని తాగుతున్నారు.

"కాగబెట్టి ఇస్తా అక్కా," అంది ఎలీశమ్మ.

"నలభై మందికి ఎన్ని నీళ్ళని కాస్తావు? నీకేమన్నా పిచ్చా? మూడు నెలలకోసారి ట్యాంకు కడిగిస్తూనే ఉన్నాగా. ఇదిగో, చూడు." లలితకుమారి ఫోనులో ఫోటో చూపించింది. నల్లటి ట్యాంకు మీద తెల్ల పెయింటుతో 'శుభ్రం చేసిన తేదీ' అని రాసి, కింద ఆ నెల తారీఖు వేసి ఉంది. ఆ ఫోటోనే పిల్లల వాట్సాప్ గ్రూపులోనూ పెట్టింది. మేడమీదకు ఎక్కి చూసే మోకాళ్ళు ఎలీశమ్మకు లేవు. చూడాలన్న ఆలోచనా రాలేదు.

ఒకరోజు తన్మయి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఆంటీ, నీళ్ళు వాసనొస్తున్నాయి," అంది. కోదాడ పిల్ల, బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఆవకాయ ముక్క కోసం వంటగది గడప పట్టుకుని వేలాడేది.

"ట్యాంకు కడిగిన్రు బిడ్డా. తారీఖు గూడ నా కండ్లతోని చూసిన. తాగు, నేను చెప్తున్న గదా."

ఆవిడ చెప్పింది కదా అని తన్మయి గటగటా తాగేసింది.

సంక్రాంతి వెళ్ళిన పక్షానికి ముగ్గురు పిల్లలు మంచం పట్టారు. ముందు వాంతులు, తర్వాత జ్వరం, ఆపైన కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు. నీళ్ళ వల్ల గానీ తిండి వల్ల గానీ వచ్చి ఉంటుందన్నాడు డాక్టరు. ఇద్దరిని వాళ్ళవాళ్ళు ఇంటికి తీసుకుపోయారు. తన్మయికి మరీ ఎక్కువై ఎల్బీనగర్‌లో ఆసుపత్రిలో చేర్చారు.

మర్నాడు వంట ముగించి, బార్లీ జావ కాచి, స్టీలు డబ్బాలో పోసుకుని ఎలీశమ్మ మెట్రో ఎక్కింది. ఆసుపత్రిలో తన్మయి తల్లి గది బయటే ఎదురొచ్చింది. డబ్బా వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దమ్మా. ఏమనుకోకు."

"ఉప్పు గూడ ఎక్కువెయ్యలే, చప్పగనే కాచిన."

"అది కాదు. మీ మేడం ఫోన్ చేసి చెప్పింది. వంటామె చేతులు శుభ్రంగ ఉంచుకోదంట, ఆమె నుంచే వచ్చిందంట. రేపు మా ఆయన హాస్టల్‌కొచ్చి మాట్లాడ్తడు."

తలుపు సందులోంచి మంచం కనిపిస్తోంది. తన్మయి అంతా వింది. పచ్చబడ్డ కళ్ళతో ఒక్కసారి ఇటు చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

మెట్రోలో సీటు దొరికినా ఎలీశమ్మ కూర్చోలేదు. ఊరందరి చేతులకూ వంకలు పెట్టిన మనిషి, తన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక డబ్బాను రొమ్ముకు అదుముకుని నిలబడింది. దుఃఖం కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. తర్వాత, తల్లి ఏదో తప్పుగా విని ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. అక్క అలా ఎందుకంటుంది?

అక్క అలాగే అంది. అన్నానని దాచలేదు కూడా.

"ఏదో ఒకటి చెప్పాలి కదా ఎలీశమ్మా. రేపు ఆ పిల్ల తండ్రితో పాటు మిగతావాళ్ళూ వస్తున్నారు. హాస్టల్ మూయిస్తామని గొడవ చేస్తే ఇంతమంది పిల్లలు రోడ్డున పడతారు. నువ్వూ పడతావు. ఏమీ మాట్లాడకుండా గోడ పక్కన నిలబడు, చాలు. నెల రోజులు ఊరెళ్ళిరా, గొడవ చల్లారాక నేనే పిలుస్తాను."

"నా చేతులు మీకు తెల్వదా అక్కా?"

"తెలుసు. అయినా ఒక్క మాట అడుగుతాను, నువ్వే చెప్పు. ట్యాంకు కడిగించాం. కూరగాయలు కడుగుతున్నాం. ఇక మిగిలిందేంటి? ఎప్పుడో ఒకపూట నువ్వే ఏమరుపాటుగా ఉన్నావేమో. మనుషులం కదా."

ఆ మాట మేకులా దిగింది. ఆ రాత్రంతా ఎలీశమ్మ ఏ పూట చేతులు కడుక్కోలేదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు. గుర్తు రానంత మాత్రాన జరగలేదని ఏముంది? అక్క అబద్ధం చెప్పదు, ట్యాంకు మీద తారీఖు అబద్ధం చెప్పదు. కాబట్టి తప్పు తన చేతులదే అయి ఉంటుంది. గోడ పక్కన నిలబడడానికే తెల్లారేసరికి ఒప్పుకుంది.

పొద్దున వచ్చి, జబ్బుపడ్డ పిల్లల దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉడకబెట్టింది. వాటిని ఎండలోనే ఆరేయాలి. గదులు ఊడ్చే జ్యోతి ఇంకా రాలేదు. తాళంచెవి తీసుకుని, మెట్టు మెట్టుకీ "ప్రభువా" అనుకుంటూ, రెండేళ్ళ తర్వాత తనే మేడమీదకు ఎక్కింది.

ట్యాంకు మీద తారీఖు తెల్లగా మెరిసిపోతోంది. తృప్తిగా చూసుకుని దుప్పటి దులపబోతూ ఆగింది. ట్యాంకు మూత పక్కన ఏదో గుడ్డపేలిక పోగులు గాలికి ఊగుతున్నాయి. నీలం రంగు వెలిసి బూడిదరంగుకు వచ్చిన చీర అంచు.

ఆ చీర తనదే. రెండేళ్ళ కిందట కోతులు మూత ఎత్తి పడేస్తున్నాయని, పాత చీర అంచు చింపి, మూతనీ పైపునీ కలిపి తన చేత్తోనే బిగించి కట్టింది. రెండు ముళ్ళు వేసి, కొసను వెనక్కి తిప్పి ముడి కిందికి దోపడం ఆవిడ అలవాటు. ఇనుప నిచ్చెన మెట్లు ఆరూ ఎక్కేసరికి మోకాళ్ళు భగ్గుమన్నాయి. దగ్గరగా చూసింది. అవే రెండు ముళ్ళు. దోపిన కొస అలాగే ఉంది. మీద పావురాల రెట్ట ఎండి రాయిలా ఉంది. విప్పబోతే గుడ్డ చివికి చేతిలోకి వచ్చేసింది.

మూత పక్కకు జరిపితే డ్రైనేజీ కంపు గుప్పున కొట్టింది. అడుగున నల్లటి బురద. నీళ్ళ మీద జిడ్డు తెట్టు. మూత తియ్యకుండా ట్యాంకు ఎలా కడుగుతారు? కడగలేదు. తారీఖు ఒక్కటే మార్చారు. దిగాక వేలితో తడిమితే, ఇప్పటి తారీఖు కింద పాత తారీఖులు గట్లు గట్లుగా తగిలాయి.

ఎలీశమ్మ ట్యాంకు నీడలో చతికిలబడింది. మొదట ప్రాణం లేచొచ్చింది, తప్పు తన చేతులది కాదు. ఆ వెంటనే మరో సంగతి గుర్తొచ్చింది. ఫిల్టరు పాడైనప్పటి నుంచీ అక్క హాస్టల్లో గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఎప్పుడిచ్చినా "ఇప్పుడే టీ తాగొచ్చాను" అనేది. నాగోల్ నుంచి స్టీలు సీసా తెచ్చుకునేది. ఛీ, ఏం పాడు ఆలోచన అని ఎలీశమ్మ తనను తనే తిట్టుకుంది. ట్యాంకు కడిగేవాళ్ళు అక్కను కూడా మోసం చేసి ఉంటారు. అక్కకు చెప్పాలి, పిల్లల తండ్రుల కన్నా ముందే చెప్పాలి. చివికిన పేలికను గుప్పిట్లో పట్టుకుని కిందికి దిగింది.

దిగేసరికే వాళ్ళు వచ్చేశారు. ఆఫీసు గదిలో తన్మయి తండ్రి సీతారాములు, మిగతా ఇద్దరు పిల్లల తండ్రులు. సీతారాములు తెల్లారకముందు కోదాడలో బస్సెక్కి, ఎల్బీనగర్‌లో దిగి, కూతుర్ని చూసి తిన్నగా ఇటే వచ్చాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. లలితకుమారి కళ్ళతోనే ఎలీశమ్మకు గోడ చూపించింది. ఎలీశమ్మ వెళ్ళి నిలబడింది.

"ఈమేనండీ. నాది కూడా పొరపాటే, పాతమనిషి కదా అని చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఈరోజే మాన్పించేస్తున్నాను. నీళ్ళ సంగతైతే మీరు అనుమానపడక్కర్లేదు, ఫోటోలు కూడా ఉన్నాయి." ఫోను ఆయన ముందుకు జరిపి, తలుపు వైపు తిరిగి, "జ్యోతీ, సార్ వాళ్ళకి మంచినీళ్ళు," అంది.

అప్పుడే వచ్చిన జ్యోతికి ఇవేమీ తెలియవు. డ్రమ్ములోంచి నాలుగు గ్లాసులు ముంచి పళ్ళెంలో పెట్టుకొచ్చి బల్లమీద ఉంచింది.

సీతారాములు గ్లాసు అందుకున్నాడు. ఎలీశమ్మ గ్లాసు వైపు చూడలేదు, అక్క నోటి వైపు చూసింది. ఇప్పుడంటుంది. ఆగండి, సీసా తెప్పిస్తానంటుంది. అక్కకు తెలిస్తే అనకుండా ఉండదు, అనలేదంటే అక్కకు తెలియదన్నమాట. లలితకుమారి గ్లాసు వైపు చూసింది. అది ఆయన పెదాల దాకా వెళ్ళడం చూసింది. చూసి, కళ్ళు దించుకుని రిజిస్టరులో పేజీ తిప్పింది.

ఎలీశమ్మ రెండంగల్లో వెళ్ళి గ్లాసు మీద అరచెయ్యి మూసింది. నీళ్ళు తొణికి ఆయన చొక్కా తడిసింది.

"తాగకుండ్రి."

"ఏంటిది ఎలీశమ్మా? చెయ్యి తియ్యి."

ఎలీశమ్మ పళ్ళెంలోంచి ఇంకో గ్లాసు తీసి లలితకుమారి ముందు పెట్టింది. "మీరు తాగుండ్రి అక్కా."

"నేను ఇప్పుడే టీ తాగొచ్చాను," అంది లలితకుమారి. స్టీలు సీసా ఆవిడ మోచేతి పక్కనే ఉంది.

ఎలీశమ్మ గుప్పిలి విప్పి పేలికను రిజిస్టరు మీద పెట్టింది. "ట్యాంకు మూతకు నేను కట్టిన ముడి ఇది. రెండేండ్ల సంది ఎవ్వలు విప్పలే. నా చేతులని చెప్పిన్రు, ఓర్చుకున్న. కడిగెటోళ్ళు మిమ్ములను గూడ మోసం చేసిన్రేమోనని ఇప్పటిదాంక మనసుకు చెప్పుకున్న. ఈయన తాగుతుంటే సూస్కుంట కూసున్నరు గదా అక్కా."

ఇంకో తండ్రి లేచి, జ్యోతిని దారి చూపించమని మేడమీదకు వెళ్ళాడు. సీతారాములు మాత్రం కదల్లేదు. తడిసిన చొక్కా దులుపుకోలేదు.

"నా బిడ్డ ఫోన్ల చెప్పింది, నీళ్ళు వాసనొస్తున్నయని. హాస్టలోళ్ళను అడుగమన్న. అడిగిందంట. మంచిగనే ఉన్నయి, తాగుమన్నరంట." ఆయన గ్లాసు బల్లమీద పెట్టాడు. "ఎవరన్నరు ఆ మాట?"

లలితకుమారి తలెత్తింది. ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి ఆవిడకు అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది. ఎలీశమ్మ వైపు చూసింది.

"నేనే అయ్యా," అంది ఎలీశమ్మ. "వాసనొస్తున్నయంటే నేనే తాగమన్న. నేను చెప్పిననని తాగింది."