కొట్టేసిన రెండో వరుస

మంగళవారం పొద్దున పదింటికి ఓల్డమ్ ఊరి గ్రంథాలయం మేడమీద పూర్వీకుల్ని వెతికే బల్ల తెరుస్తారు. తెరిచేది డెస్మండ్ ఎకర్స్‌లీ. ఎనభయ్యేళ్ళవాడు. నూలుమిల్లులో మెకానిక్కుగా రిటైరై, ఇప్పుడు పైసా తీసుకోకుండా ఊళ్ళోవాళ్ళ తాతముత్తాతల ఆచూకీ తీసిపెడుతుంటాడు. వచ్చేవాళ్ళలో సగంమందికి తమ వంశంలో ఒక్క జమీందారైనా తేలకపోతాడా అని ఆశ. తేలేది మాత్రం బొగ్గుగని కూలీలు, నేతపనివాళ్ళు, అదృష్టం బాగుంటే ఒకరిద్దరు కోళ్ళదొంగలు.

మేవిస్ ఆర్మరాడ్‌కు జమీందార్లు అక్కర్లేదు. డెబ్బయ్యారేళ్ళామె, ఒంటరి మనిషి. బళ్ళో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డించే పని చేసి మానేసింది. ఆమెకు తెలియాల్సింది ఒక్కటే. తన నాయనమ్మ హన్నా తన నాన్నను నిజంగానే వదిలేసి పోయిందా?

నాన్న విల్‌ఫ్రెడ్‌ను అయిదో ఏట ఊరి చివరి పిల్లల హోంలో చేర్చారు. మీ అమ్మ ఎవడితోనో కెనడా ఓడెక్కింది, ఇక రాదు, ఏడవకు అని అక్కడి వార్డెనమ్మ చెప్పింది. ఆ ఒక్క మాటను ఆయన డెబ్బయ్యేళ్ళు కడుపులో పెట్టుకుని బతికాడు. తన తల్లి ఊసు ఇంట్లో ఎవర్నీ ఎత్తనివ్వలేదు. మేవిస్‌కు పదకొండేళ్ళప్పుడు ఆమె తల్లి జబ్బుచేసి చనిపోతే, అదీ ఆయన ఖాతాలో వెళ్ళిపోవడమే అయింది. మనుషులు వెళ్ళిపోతారే, ఎవర్నీ గట్టిగా నమ్ముకోకు అని కూతురికి నూరిపోశాడు. కూతురు బుద్ధిగా నమ్మింది. ఒక బస్సు కండక్టరు రెండేళ్ళు వెంటపడి పెళ్ళి చేసుకుందామంటే, ఆలోచించి చెప్తానంది. ఆలోచిస్తూనే ఉండిపోయింది. అతను విసిగి వేరే అమ్మాయిని చేసుకున్నాడు. “చూశావా, వెళ్ళిపోయాడు” అన్నాడు నాన్న, ఏదో తానే గెలిచినట్టు.

చివరి వారంలో, జావ తాగిస్తుంటే మూతి తిప్పేసుకుని, “మా అమ్మకు నేను గుర్తే లేనే మేవిస్” అన్నాడు. ఆయన పోయి నలభయ్యేళ్ళు దాటినా ఆ మాట మాత్రం ఆ ఇంట్లోనే ఉంది. ఉద్యోగం మానేశాక పొద్దుపోక కాదు, ఆ మాట పడలేకే ఆమె ఈ బల్ల దగ్గరకు రావడం మొదలుపెట్టింది. ఆరేళ్ళుగా కెనడా ఓడల పట్టీలు తిరగేస్తోంది. హన్నాలు బోలెడంతమంది ఓడలెక్కారు. వాళ్ళలో ఒక్కతీ తన హన్నా కాదు.

ఆ మంగళవారం డెస్మండ్‌కు చిర్రెత్తింది.

“ఏవమ్మా, ఇవాళ ఏ ఓడ? ఆ సముద్రంలో చేపలన్నీ నీకు పేరుపేరునా తెలిసిపోయుంటాయి.”

“వెటకారం ఆపి లివర్‌పూల్ రేవు పట్టీ తియ్యి.”

“తియ్యను. కెనడా పోయిందని నీకెవరు చెప్పారు?”

“నాన్న.”

“ఆయనకెవరు చెప్పారు?”

“హోంలో వార్డెనమ్మ.”

“ఆవిడేం రేవుకెళ్ళి చెయ్యూపి వచ్చిందా? ఈ ఊరి జనాభా లెక్కల్లో చూశావా ఎప్పుడైనా?”

మేవిస్ చూడలేదు. ఆ లెక్కలకు హోంవాళ్ళు రాసిచ్చిన కాగితం మాత్రం ఎప్పుడో చూసింది. పందొమ్మిదివందల పదకొండు, ఏప్రిల్ రెండు, ఆదివారం రాత్రి: విల్‌ఫ్రెడ్ ఆర్మరాడ్, ఏడేళ్ళు, హోంవాసి. అక్కడితో ఆగిపోయింది. లేని మనిషిని ఊళ్ళో వెతకడమేమిటని అనుకుంది. నాన్న చెప్పిందాన్ని అనుమానిస్తే నాన్ననే అనుమానించినట్టు ఉండేది ఆమెకు.

డెస్మండ్ కంప్యూటరుమీద రెండు వేళ్ళతో టకటకా కొట్టాడు. పేరు, వయసు, ఊరు. వచ్చింది, అరనిమిషంలో. ఆరేళ్ళ వెతుకులాటకు అరనిమిషంలో జవాబు దొరికితే సంతోషం రాదు, ఒళ్ళు మండుతుంది. మేవిస్‌కు అదే అయింది.

“టానర్స్ రో, ఏడో నంబరు, ఒక గది. ఇది గుమాస్తా రాత కాదు తల్లీ. ఆ ఏడాది ఎవరింటి కాగితం వాళ్ళే నింపారు. ఇది ఆవిడ చేతిరాతే.”

లావు లావు అక్షరాలు, పెన్సిల్‌తో గీసుకున్న గీతలమీద నిలబెట్టినట్టు రాసి ఉన్నాయి. హన్నా ఆర్మరాడ్. ఇంటి పెద్ద. వితంతువు. ముప్పైమూడేళ్ళు. వృత్తి గడిలో: మేలుకొలుపు పని.

“ఓరి దేవుడా, కిటికీలు తట్టే మనిషా!” అన్నాడు డెస్మండ్. “మా అమ్మ చెప్పేది. పొడుగాటి గెడ, కొసన తీగలు. మూడింటికే బయల్దేరి మిల్లువాళ్ళ మేడగదుల కిటికీలు తట్టుకుంటూ పోవాలి. తట్టి పోతే కుదరదు. లోపలివాడు అద్దం దగ్గరకొచ్చి చెయ్యూపేదాకా అక్కడే నిలబడాలి. అదీ బేరం.”

మేవిస్ వింటూనే రెండో వరుస చూస్తోంది.

విల్‌ఫ్రెడ్ ఆర్మరాడ్. కొడుకు. ఏడేళ్ళు. బడికి వెళ్తాడు.

ఆ వరుసమీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్ర సిరా గీత. కింద, ఇంట్లో మొత్తం ఎందరు అన్నచోట ఆవిడ రెండు అని వేసింది. ఎర్ర సిరా దాన్నీ కొట్టేసి ఒకటి చేసింది.

డెస్మండ్ గొంతు తగ్గించాడు. “ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళనే రాయాలి. మనవాళ్ళు చాలామంది ఇలా తప్పు రాశారు. పాచిపనికి పోయిన కూతుర్ని రాశారు, పాతిపెట్టిన పసిబిడ్డల్ని రాశారు. లెక్కలాఫీసువాళ్ళు కూర్చుని కొట్టేసుకుంటూ పోయారు. ఒక్క పిల్లాణ్ణి రెండుచోట్ల లెక్కపెట్టకూడదు కదా. మీ నాన్న హోంవాళ్ళ లెక్కలో ఉన్నాడు. అందుకని ఇక్కడ తీసేశారు.”

“మరి కెనడా?”

“ఎక్కడి కెనడా! ఆ గదికీ హోంకీ రెండు మైళ్ళు.”

“రెండు మైళ్ళే అయితే వెళ్ళి తెచ్చుకోలేకపోయిందా?” మేవిస్ గొంతు లేచింది. పక్కబల్లమీది ముసలాయన తలెత్తి చూశాడు.

“మూడింటికి గెడ పట్టుకుని పోయే మనిషి పిల్లాణ్ణి ఎవరిమీద వదుల్తుంది? ఆ రోజుల్లో మొగుడు పోయినదానితో హోంవాళ్ళు, పిల్లాణ్ణి ఇచ్చెయ్, మేం పెంచుతాం అనేవాళ్ళు. ఇచ్చేశాక తిరిగి తెచ్చుకోవడం అంత తేలిక కాదు.”

ఆవిడ ఎన్నిసార్లు ఆ గేటుదాకా వెళ్ళిందో, వెళ్తే ఎవరు ఏం చెప్పి పంపేశారో ఈ కాగితంలో లేదు. అసలు వెళ్ళలేదేమో కూడా. ఆ సంగతి ఎవరికీ, ఎప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలిసింది. ఆ ఆదివారం రాత్రి ఆవిడ ఒక్కతే ఆ గదిలో కూర్చుని, పెన్సిల్ గీతలు గీసుకుని, తమ ఇంట్లో ఇద్దరం అని రాసుకుంది. వార్డెనమ్మ బతికి ఎదురుగా ఉంటే మేవిస్ ఆమె జుట్టు పట్టుకునేదే.

డెస్మండ్ టీ తెచ్చిచ్చాడు, పక్కన బిస్కెట్టు. “తిను. మెత్తబడిపోయింది, పళ్ళతో పన్లేదు.” కాగితం అచ్చు తీసి కవర్లో పెడుతూ అడిగాడు. “ఇంట్లో ఎవరికి చూపిస్తావ్?”

“ఉన్నార్లే” అంది.

బస్సు ఎక్కింది కానీ తన వీధిలో దిగలేదు. శ్మశానం దగ్గర దిగింది. సన్నగా జల్లు పడుతోంది. కుక్కను తిప్పుకునే మనిషి ఒకడు తప్ప ఎవరూ లేరు. నాన్న సమాధి రాతిమీద పాచి పట్టింది. నిరుడు గీకింది, మళ్ళీ పట్టింది. కవరు తీయలేదు, తడుస్తుందని కోటు లోపలే ఉంచుకుంది.

“నాన్నా, ఆవిడ నిన్ను రాసింది. కొట్టేసింది వేరేవాళ్ళు.”

ఇంకా ఏదో చెప్పాలని ఉంది. ఆ బస్సు కండక్టరు సంగతి చెప్పాలని ఉంది. నువ్వు చెప్పిందే నమ్మి నేనెంత పోగొట్టుకున్నానో తెలుసా అని నిలదీయాలనీ ఉంది. నిలదీస్తే ఎవరు వింటారు? ఆయనా పాపం ఒకరు చెప్పింది నమ్మినవాడే. ఇంత మంచి కబురు మోసుకొచ్చింది, అది అందుకునేవాళ్ళే ఒక్కరూ లేరు.

గొడుగు ముడిచి, దాని కొసతో, కిటికీ తట్టినట్టు, రాతిమీద రెండుసార్లు తట్టింది. తట్టి వెంటనే వెళ్ళిపోలేదు. జల్లులో అలాగే నిలబడి చాలాసేపు చూసింది.

ఆ తర్వాత గొడుగు తెరుచుకుని బస్సుకోసం నడిచింది.