మీగడా, వెన్నా

గోడ మీద పక్కపక్కనే జానెడేసి రెండు చోట్ల రంగు పూసి, పెయింటరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఎడమది మీగడ రంగు, కుడిది వెన్న రంగు. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, కనుబొమల్లో ఆరిపోయిన తెల్లచుక్కలు. ముప్పై ఏళ్లుగా ఊరందరి గోడలకీ రంగులు వేశాడు గానీ, సొంత గది మాత్రం సున్నం తప్ప ఎరగదు. రేపు భార్య ఆసుపత్రి నుంచి వస్తోంది. ఇక మంచంలో రోజంతా ఆవిడ చూసేది ఈ గోడనే. సాయంత్రానికి పూర్తవ్వాలి, అదీ సరైన రంగుతో.

"అక్క మీగడే అంది కదా బావా. మళ్లీ ఈ వెన్నెందుకు?" అంది మరదలు, కిటికీలో టీ గ్లాసు పెడుతూ. "రెండూ పాలలోంచి వచ్చినవేగా!"

"మీ అక్కకేం తెలుసు? మీగడ మాసినట్టుంటుంది."

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు."

పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. బ్రష్షు పట్టే చెయ్యి కాదులే అనుకున్నాడు. మంచాన్ని ఎదుటి గోడవారకి జరిపేసరికి ఆయాసం వచ్చి, దాని మీదే కాసేపు వాలాడు. ఎండ గోడ మీద ఏటవాలుగా పడుతోంది. అక్కణ్ణించి వెన్న రంగు కళ్లలో గుచ్చుకుంది. మీగడ హాయిగా ఉంది.

లేచి చూశాడు. మళ్లీ పడుకుని చూశాడు. ఔరా! ఇన్నేళ్లూ రంగులు నిలబడే తేల్చాడు. ఆవిడ నెలన్నరగా ఆసుపత్రి గోడని పడుకునే చూస్తోంది, ఆవిడకి తెలియదూ? సిగ్గేసింది.

"మీ అక్కే గెలిచింది," అన్నాడు.

మరదలు ఫోన్ తీసింది.

"వద్దమ్మా. రేపు నేనే ఎదురుగా ఒప్పుకుంటా. నా నోట ఈ మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు."

"వేలిముద్ర వేసి ఇవ్వు. లేకపోతే నమ్మదు!"

నవ్వుతూనే పని అందుకున్నాడు. చెయ్యి లాగినా ఆపలేదు. అయిదింటికి రెండో పూత కూడా అయింది. బ్రష్షు కడిగి, ఎలా ఉందో చూద్దామని మళ్లీ మంచం మీద వాలాడు. మరదలు టీ తెచ్చి పిలిస్తే పలకలేదు.

మర్నాడు రావలసిన భార్య ఆ సాయంత్రమే వచ్చింది. పరామర్శకి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, నాలుగో రోజున ఆ మంచం మీద పడుకుంది. గోడ హాయిగా ఉంది. అది చూసి ఏడుపు ఆగలేదు. దిండు సర్దుకోబోతే చేతికి అట్టముక్క తగిలింది. రంగుల కార్డు. వెన్న మీద పెన్సిలు గీత, మీగడ పక్కన ఆ రంగుతోనే వేసిన బొటనవేలి ముద్ర.